వెతకబడును

షల్లమ్మ బీరువా మూసే ముందు లోపలికి చెయ్యి పోనిచ్చి, వేలాడే బట్టల వెనక ఒకసారి తడిమి చూస్తుంది. స్నానాల గదికి బయటి నుంచి గొళ్ళెం పెట్టే ముందు "ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు అడిగే మనిషి, రెండోవారు ముందు గదిలో కుట్టు మిషను తొక్కుతున్న ఆవిడ భర్త. ఆ మిషను చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. అయినా అడుగుతుంది. జవాబు రాకపోతే మళ్ళీ తలుపు తీసి, నాలుగు మూలలూ చూసి, అప్పుడు గొళ్ళెం పెడుతుంది. "పిండి డబ్బా మూతకి కూడా ఈ మర్యాద ఉందా?" అని ఆయన మొదట్లో ఎగతాళి చేసేవాడు. ఒకరోజు ఆవిడ నిజంగానే పిండి డబ్బాలోకి తొంగి చూడటం కళ్ళారా చూశాక ఎగతాళి మానేశాడు.

షల్లమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఒక ఇంగ్లీషు మాట పెట్టిన పేరు.

ఆ మాటను ఆవిడకు పరిచయం చేసింది బాబాయి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం ఆయనది. పగలంతా పరాయివాళ్ళ చిరునామాలు చదివి చదివి, ఇంగ్లీషు మీద ఎక్కడలేని మోజు పెంచుకున్నాడు. సాయంత్రాలు అన్నగారి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వ్యాకరణం చెప్పేవాడు. "విల్ అందరికీ ఒకేలా పలుకుతుందే అమ్మాయ్. షల్ అట్లా కాదు. ఎవరి పక్కన నిలబడితే వాళ్ళనిబట్టి గుణం మారుస్తుంది. నేను అనే మాట పక్కన ఉంటే ఊరికే రేపటి సంగతి. నువ్వు పక్కనో, అతను పక్కనో ఉంటే ఆజ్ఞ. అదీ కాకపోతే మాట ఇవ్వడం. యూ షల్ హావ్ ఎ స్లేట్ అని నేనన్నాననుకో, నీకు పలక కొనే పూచీ నాదన్నమాట." ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది గానీ, పలక మాత్రం కొన్నాడు. రేపటి సంగతి, ఆజ్ఞ, పూచీ. ఒకే మాటకు మూడు ముఖాలు. ఆ పిల్ల మురిసిపోయింది.

ఆ మురిపెమే తర్వాత కూడు పెట్టింది. ఊరి చివర పళ్ళు నిలవచేసే పెద్ద కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉండేది. దాని నిబంధనలన్నీ పెద్దాఫీసు నుంచి ఇంగ్లీషులో దిగేవి. వాటిని పనివాళ్ళ కోసం తెలుగులో పెట్టే ఉద్యోగం ఆవిడకు ఇరవై నాలుగో ఏట దొరికింది. ఎవరైనా గుమాస్తా షల్ రాయాల్సిన చోట విల్ రాస్తే ఊరుకునేది కాదు. కుర్చీ జరుపుకుని మరీ వచ్చి బాబాయి పాఠం అప్పజెప్పేది. దాంతో గుమాస్తాలు షల్లమ్మ అన్నారు. పెట్టెలు మోసేవాళ్ళకు ఆ "ష" నోరు తిరగక చల్లమ్మ అన్నారు. చలిగదుల కంపెనీలో చల్లమ్మ. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది.

ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు ఒక నిబంధన వచ్చింది. ద రూమ్ షల్ బి సర్చ్‌డ్ బిఫోర్ ద డోర్ ఈజ్ బోల్టెడ్. ఆవిడ రెండు నిమిషాల్లో రాసేసింది: "గడియ వేసే మనిషి ముందు గదంతా వెతకాలి." హెడ్ క్లర్కు దాన్ని చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు. ఇది వీధి భాష అన్నాడు. "ఆఫీసు ఎవరినీ పట్టుకుని నువ్వు చెయ్యి అనదమ్మా. ఆఫీసులో పనులు చేయబడును." పాత ఫైళ్ళు తీసి చూపించాడు. ఎక్కడ షల్ ఉంటే అక్కడ బడును. చర్య తీసుకొనబడును, లోనికి అనుమతించబడును, విచారించబడును. షల్లమ్మ ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆవిడకూ అది హుందాగానే అనిపించింది. కాగితం తీసుకుని మళ్ళీ రాసింది: "తలుపు గడియ వేయుటకు ముందు గది వెతకబడును." దాని కింద, లోపల చిక్కుకున్నవాళ్ళు మోగించే గంట గురించి రెండో నిబంధన: "లోపలి గంట ప్రతి నెలా పరీక్షించబడును."

నాకు ఈ బడును అంటే ఒళ్ళు మంట. దాంట్లో పని ఉంటుంది, చేసేవాడు ఉండడు. "గిన్నెలు కడగబడును" అని మీ వంటింటి గోడ మీద రాసి పెట్టండి, ఆ గిన్నెలు ఎన్నాళ్ళు అలాగే పడుంటాయో చూద్దురుగాని. పైగా అది ఆజ్ఞలా కూడా వినిపించదు. జరగబోయేదాన్ని చెబుతున్నట్టు, ఎవరో మాట ఇస్తున్నట్టు వినిపిస్తుంది. బాబాయి చెప్పిన మూడు ముఖాల్లో ఆజ్ఞ ముఖం మీద ఆ రోజు గుడ్డ కప్పేశారు. మిగిలిన రెండు ముఖాలనూ ఎనామిల్ రేకు మీద నీలం అక్షరాలతో రాయించి, నాలుగో చలిగది తలుపు పక్కన మేకులు కొట్టి బిగించారు. షల్లమ్మ పనిగట్టుకుని వెళ్ళి చూసుకుని వచ్చింది. తన వాక్యం గోడకెక్కడం అదే మొదటిసారి.

ఆ తలుపు దగ్గర పనిచేసే మనిషిని అందరూ గడియ బావ అనేవారు. అతని బావమరిది, అంటే భార్యకు తమ్ముడు, అదే గదిలో పెట్టెలు పేర్చేవాడు. తాటిచెట్టంత మనిషి, వాణ్ణి పొడుగు అనేవారు. పొడుగు రోజంతా బావా బావా అని పిలుస్తుంటే అది విని విని అందరికీ అతను బావ అయిపోయాడు. అక్కా తమ్ముళ్ళకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఆ అక్క తమ్ముణ్ణి పెంచిందే గానీ తమ్ముడిలా చూడలేదు, కొడుకులా చూసింది.

రేకు బిగించిన ఎనిమిదేళ్ళకు, ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు, గడియ బావ బయట ఉన్న మీట నొక్కి లోపలి దీపాలు ఆర్పి, నాలుగో గది తలుపు గడియ వేశాడు. చివరి వరస వెనక ఒరిగిన పెట్టెలు సర్దుతూ పొడుగు లోపలే ఉండిపోయాడు. పని అవగానే అటునుంచి అటే స్నేహితుడి ఊరు వెళ్తానని ముందే చెప్పి ఉండటంతో ఇంట్లో అక్క కూడా వాడి కోసం చూడలేదు. సోమవారం పొద్దున తలుపు తీశారు. పొడుగు తలుపుకు ఎదురుగా, బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తెగిన గంట తాడు కాళ్ళ దగ్గర పడి ఉంది. చేతి తొడుగులు రెండూ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడని చూసినవాళ్ళు చెప్పారు. షల్లమ్మ కూడా చూసింది.

విచారణకు పెద్దాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. ఆయన ప్రశ్నను తెలుగులోకి, పనివాళ్ళ జవాబును ఇంగ్లీషులోకి మార్చే పని షల్లమ్మదే. మేనేజరు గదిలో కూర్చున్నారు. గంట ఎవరు చూసుకోవాలని అడిగితే ప్రతివాడూ పక్కవాడి వైపు చూశాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. ఆఖరికి గడియ బావను నిలబెట్టి, గదిలో ఎందుకు వెతకలేదని అడిగారు.

అతను చేతులు కట్టుకుని అన్నాడు: "బోర్డు మీద గది వెతకబడును అని ఉంది కదండీ. ఎవరో వెతికే ఉంటారనుకున్నా."

షల్లమ్మ నోట్లో అప్పుడు రెండు మాటలు నిలబడ్డాయి. అతను చెప్పింది చెప్పినట్టు చెప్పాలంటే విల్ అనాలి. గదిని ఎవరో వెతుకుతారని బోర్డు చెప్పింది, అందుకని నేను వెతకలేదు. అలా చెబితే అధికారి మరుక్షణం అడిగేది ఒకటే: నేను పంపింది ఆజ్ఞ కదా, ఈ బోర్డు రాసిందెవరు? ఆవిడ అడకత్తెరలో పోకచెక్క అయింది. ఎనిమిదేళ్ళ కిందట రాసిన తప్పు తెలియక రాసింది. ఈ క్షణం వరకూ అది తప్పని కూడా తెలియదు. తెలిసిన క్షణంలోనే ఏం చేసిందంటే, షల్ అంది. ద బోర్డ్ సేస్ ద రూమ్ షల్ బి సర్చ్‌డ్.

ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి గడియ బావ సంజాయిషీ కాస్తా నేరం ఒప్పుకోలు అయిపోయింది. వెతికి తీరాలని బోర్డు చెబుతోందని అతని నోటితోనే పలికినట్టయింది. అధికారి తల ఊపి రాసుకున్నాడు. వారం తర్వాత తీర్పు కాగితం వస్తే, దాన్నీ తెలుగు చేసి ఆ కుటుంబానికి చదివి వినిపించింది షల్లమ్మే. "విధి ఏమిటో తెలిసి కూడా నిర్లక్ష్యము చేసినందున పనినుండి తొలగించడమైనది." గడియ బావ తల వంచుకున్నాడు. అతని భార్య మాత్రం షల్లమ్మ ముఖంలోకి చూసి, ఆ రెండు మాటలు మళ్ళీ చదవమంది. ఏ రెండు మాటలో అడగక్కర్లేదు. షల్లమ్మ చదివింది. తెలిసి కూడా.

తరవాత ఆవిడ తేలు కుట్టిన దొంగలా ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసింది. ఎవరినీ షల్ గురించి దిద్దలేదు. పేరు మాత్రం పోలేదు. చల్లమ్మా అని ఎవరు పిలిచినా వీపు మీద చల్లటి చెయ్యి పడ్డట్టుండేది. కాగితం మీద బడును రాయాల్సి వస్తే వేళ్ళు కొయ్యబారేవి. తెలుగువాళ్ళం రోజూ నోటితో అనే బడులు ఏవని ఒక మధ్యాహ్నం ఊరికే లెక్కపెట్టుకుంటే, రెండే తోచాయి. కనబడు, వినబడు. అవి తోచాక ఇంకా చెడ్డది. పొడుగు కనబడలేదు గానీ, వినబడేవాడు. సరిగ్గా రెండు గంటలకు, భర్త మిషను ఆపి నడుం వాల్చాక, బీరువా లోంచో, గోడ లోంచో తట్టిన చప్పుడు. కోపంగా కొట్టినట్టు కాదు. లోపల ఉన్నానని గుర్తు చేస్తున్నట్టు, మర్యాదగా, కాస్త ఆగి ఆగి. భయంకన్నా ఆ మర్యాదే ఆవిడను చంపేది.

రిటైరైన రోజు సభ పెట్టారు. నాలుగో గదికి వాటంతటవే మూసుకునే కొత్త తలుపులు బిగించారట. పాత బోర్డు ఊడదీశారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు దాన్ని శుభ్రంగా తుడిచి, రంగు కాగితం చుట్టి, మీ రచనే కదండీ, గుర్తుగా ఉంచుకోండని చప్పట్ల మధ్య చేతిలో పెట్టారు. వాళ్ళకేం తెలుసు పాపం. ఆవిడ దాన్ని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టింది. మర్నాటి నుంచి చప్పుడు మంచం కిందకి మారింది.

ఏడాది ఓర్చుకుంది. తనలో తను కుమిలిపోతే పొడుగుకు ఒరిగేదేమీ లేదు. కానీ గడియ బావ ఇంట్లో ఇంకా ఆ రెండు మాటలు మిగిలి ఉన్నాయి. వాటిని పెట్టింది తను, తియ్యగలిగిందీ తనొక్కతే. ఒకరోజు పొద్దున భర్తకు మొత్తం చెప్పేసింది. ఆయన కుడుతున్న చొక్కా చెయ్యి పక్కన పెట్టి లేచాడు. రేకును చుట్టడానికి పాత దుప్పటి తీసిచ్చాడు.

గడియ బావ ఇల్లు మరమ్మతు దుకాణాల వీధిలో ఉంది. కుర్చీలకు ప్లాస్టిక్ వైరు అల్లి బతుకుతున్నాడు. గుమ్మానికి తలుపు లేదు, తెర ఉంది. లోపలికి వెళ్ళాక షల్లమ్మ చూపు తనంతట తనే తలుపుల కోసం వెతికింది. గోడ బీరువాకు రెక్కలు లేవు. వెనక గదికి తలుపు లేదు. ఊడదీసిన చోట బందుల గుర్తుల మీద సున్నం వేశారు. ఆ ఇంట్లో మూసేది ఒక్కటీ లేదు. తను తలుపులు తెరిచి చూసుకుంటోంది, ఇతను అసలు తలుపులే పీకేశాడు. ఇద్దరిదీ ఒకే జబ్బు.

అతను గుర్తుపట్టి, అల్లుతున్న కుర్చీ వదిలి లేవబోయాడు. వెనక గదిలోంచి భార్య గొంతు వచ్చింది: "మంచినీళ్ళు గట్టు మీదున్నాయి." వచ్చిన మనిషికి ఇమ్మని అర్థం. కాసేపటికి మళ్ళీ, "భోజనం మూతపెట్టి ఉంది." ఆ మాటల్లో ఏదో తేడాగా తోచింది షల్లమ్మకు. జీవితమంతా వాక్యాలు విప్పిన మనిషి కదా, ఇట్టే దొరికింది. వాటిలో ఎదుటి మనిషి లేడు. ఏమండీ లేదు, మీరు లేదు, తాగండి, తినండి లేవు. ఎప్పటినుంచి అని అడగకుండానే గడియ బావ గొంతు తగ్గించి చెప్పాడు. "కాగితం చదివిన రోజు నుంచమ్మా. నాతో మాట్లాడదు. వస్తువుల సంగతి చెబుతుంది, అంతే."

షల్లమ్మ దుప్పటి విప్పి రేకు బయట పెట్టింది. వెనక గదికి కూడా వినబడేలా చెప్పింది. "ఆ రోజు మీరు ఒకటి చెప్పారు, నేను ఇంగ్లీషులో ఇంకొకటి చెప్పాను. ఎవరో వెతుకుతారని రాసి ఉందన్నారు మీరు. వెతకాలని రాసి ఉందని ఒప్పుకున్నట్టు చెప్పాను నేను. నోరు జారి కాదు. బోర్డు రాసింది నేనేనని తెలిసిపోతుందని భయపడి, తెలిసే చెప్పాను."

గడియ బావ రేకు వంక చూశాడు. "నాకు చదవడం రాదమ్మా," అన్నాడు. చదువు వచ్చినవాళ్ళకే తలుపు పని ఇస్తారంటే, వచ్చని అబద్ధం చెప్పి చేరాడట. విచారణలోనూ ఆ సంగతి బయటపెట్టలేదు, ఉద్యోగం పోతుందని. ఆ బోర్డులో ఏముందో పొడుగే చదివి చెప్పాడు. "బావా, లోపల ఎవరైనా ఉండిపోయినా దిగుల్లేదు, ఇక్కడ మనల్ని వెతుకుతారట, అని నవ్వాడు. వాడు చదివిందే నేను నమ్మాను."

తెర కదిలింది. ఆవిడ వచ్చి రేకు ముందు నిలబడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. "చదువు," అంది షల్లమ్మతో.

షల్లమ్మ చదివింది. గది వెతకబడును.

"ఎవరు వెతుకుతారు?"

"రాయలేదమ్మా."

"ఇంగ్లీషులో?"

"అందులోనూ లేదు. నేను మొదట రాసినదాంట్లో ఉంది. కొట్టేశారు. నేను సరే అన్నాను."

ఆవిడ నేల మీద కూర్చుంది. నీలం అక్షరాల మీద వేలు పెట్టి, ఏది ఏ అక్షరమో తెలియకపోయినా ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా లాగింది. "మా తమ్ముడు ఇది చదివాడు," అంది. "అయితే వాడు, ఎవరో వస్తారనే కూర్చున్నాడు."

ఈ మాటకు షల్లమ్మ సిద్ధపడి రాలేదు. మొగుడి మీద నింద తీసేద్దామని వచ్చింది గానీ, ఆ పని చేస్తూ చేస్తూ చచ్చిపోయిన తమ్ముణ్ణి మళ్ళీ ఆ పెట్టె మీద కూర్చోబెడుతున్నానని తోచలేదు. మెత్తటి మాటలు చాలానే ఉన్నాయి ఆవిడ దగ్గర. బతుకంతా ఒక మాట బదులు ఇంకో మాట పెట్టిన మనిషి. ఒళ్ళో మడిచి పెట్టుకున్న తొడుగులు గుర్తొచ్చాయి.

"అవునమ్మా," అంది.

పొడుగు అక్క ఏడవలేదు. కళ్ళు మాత్రం ఎక్కడో చాలా లోపలికి వెళ్ళిపోయాయి. తర్వాత ఒక్కొక్క మాటే అడిగింది. "తెలిసి కూడా అని ఆ రోజు చదివింది నువ్వేగా?"

"నేనే."

"ఈయనకి తెలియదు."

"తెలియదు. ఆ రెండు మాటలూ అబద్ధం."

ఆవిడ లేచింది. కొంగు దులుపుకుని, షల్లమ్మ కళ్ళలోకి చూస్తూ, గొంతు పెంచకుండా అంది: "నువ్వు ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు."

ఆ వాక్యంలో అంతా ఉంది. చెయ్యకూడని పని ఉంది, చెయ్యకూడని మనిషి ఉంది. షల్లమ్మకు అది చెంపదెబ్బలానూ తగిలింది, న్యాయంగానూ తోచింది. లేచి, రేకు మీద దుప్పటి కప్పబోయింది.

అప్పుడు ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ," అంది. "మీరు ఆ రేకు పట్టుకెళ్ళి, ఈవిడని వీధి చివర దిగబెట్టి రండి."

గడియ బావ చేతిలోని వైరు జారి కింద పడింది. దాన్ని తియ్యడానికి వంగాడు, తియ్యలేదు. అలాగే వంగి ఉండిపోయాడు. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి గిన్నెల చప్పుడు వస్తోంది.

వీధిలో ఎండగా ఉంది. ఇద్దరూ నడిచారు. తాళాల దుకాణం దాటాక, సైకిళ్ళ దుకాణం దాటాక, వీధి చివర అతను రేకును ఆవిడ చేతికిచ్చాడు. క్షమించాననో, క్షమించలేదనో అంటాడని షల్లమ్మ ఎదురుచూసింది. అతని పెదాలు కదిలాయి గానీ ఆ మాట కాదు.

"విన్నారా అమ్మా?" అన్నాడు. "'మీరు' అంది నన్ను."

"విన్నాను."

అతను గిరుక్కున తిరిగి, భోజనం వేళ దాటిపోతున్న మనిషిలా ఇంటివైపు గబగబా నడిచాడు. షల్లమ్మ రేకును గుండెలకు అదుముకుని అక్కడే నిలబడింది. పక్కనే ఉన్న గడియారాల కొట్టులో రెండు కొట్టింది. దుప్పటి లోపల, ఎనామిల్ రేకు మీద, ఎవరో మర్యాదగా తట్టారు.

"ఉన్నాను, చెప్పు," అంది షల్లమ్మ.